ఉన్న పట్టాల మీద చిన్న బండి
గోదావరి జిల్లాల పార్లమెంటు సభ్యులకు, రైల్వే అధికారులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

రోజూ ఉదయం ఏడున్నరకి వెలంగిలో షేర్ ఆటో ఎక్కి కాకినాడ వెళ్తాను. అక్కడ ఒక ఆడిటర్ గారి దగ్గర లెక్కలు రాయడం నా పని. లెక్కలవాణ్ణి కాబట్టి అలవాటు కొద్దీ మొన్న సోమవారం ఆటోలో మనుషుల్ని లెక్కపెట్టాను. పదకొండుగురం. డ్రైవరుకి అటొకరు ఇటొకరు ఒరిగి కూర్చున్నారు. వెనక చెక్క మీద ఇద్దరు ఇంటర్ పిల్లలు కాళ్ళు బయటకి వేలాడేశారు. నా ఒళ్ళో ఎవరిదో టిఫిన్ క్యారేజీ ఉంది, కాకినాడ వచ్చేదాకా అది ఎవరిదో తెలియలేదు. లారీ ఎదురొచ్చినప్పుడల్లా ఓ పెద్దావిడ "భీమేశ్వరా" అంటోంది.

వరిచేల అవతల రైలుకట్ట కనిపిస్తూ ఉంటుంది. దాని మీద ఆ వేళకి ఓ మేక పడుకుని ఉంది. తీరిగ్గా నెమరేస్తోంది. దాన్ని లేపడానికి వచ్చే బండి లేదని దానికి తెలుసు.

ఆ ఖాళీ పట్టాల గురించే ఈ ఉత్తరం.

మాకు మెట్రో వద్దండి. బుల్లెట్ రైలు అసలే వద్దు. వందే భారత్ మా ఊళ్ళో ఆగలేదని మేమేమీ అనుకోం. అడిగేది ఒకటే. ఇప్పటికే వేసి ఉన్న పట్టాల మీద రెండు మూడు పెట్టెల తేలికపాటి బండి, గంటకొకటి, పొద్దున్న అయిదు నుంచి రాత్రి పది దాకా నడపండి. ముందు కాకినాడ–కోటిపల్లి లైను మీద, ఆ తర్వాత భీమవరం చుట్టూ. బయటి దేశాల్లో ఇలాంటివాటిని లైట్ రైల్ అంటున్నారు. లైట్ అన్నారని పట్టాలు పల్చనివి అనుకోకండి, తేలిక బండిదే. ట్రామ్‌కి అన్న, ప్యాసింజరు రైలుకి తమ్ముడు అనుకోవచ్చు. గబుక్కున వేగం అందుకుంటుంది, గబుక్కున ఆగుతుంది. అందువల్ల రెండు మూడు కిలోమీటర్లకొక చోట ఆపినా ప్రయాణం సాగదు. నడిపే గది రెండు కొసలా ఉంటుంది కాబట్టి చివరి స్టేషన్లో ఇంజను మార్చే తతంగం లేదు. డ్రైవరు ఇటు దిగి అటు ఎక్కితే బండి తిరిగినట్టే.

మా లైను కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ళ కోసం చెబుతాను. కాకినాడ నుంచి కోటిపల్లి 45 కిలోమీటర్లు. 1928లో మొదటిసారి ఈ దారిన రైలు నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, ఇనుము కావలసొచ్చింది, పట్టాలు పీకి పట్టుకుపోయారు. మా తాత చనిపోయేదాకా దాన్ని రైలుకట్ట అనే పిలిచాడు. మా నాన్న చిన్నప్పుడు "రైలేదీ?" అని అడిగితే "యుద్ధానికెళ్ళింది, వస్తాది" అనేవాడట. వచ్చింది, అరవై ఏళ్ళు దాటాక. లోక్‌సభ స్పీకరుగా ఉన్న బాలయోగి గారు పట్టుబట్టడం వల్ల పని కదిలింది. 2002 మార్చిలో ఆయన కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. 2004లో రైలొచ్చింది, ఆయన చూడలేదు.

ఆ పట్టాల మీద ఆ తర్వాత నడిచింది ఒకే పెట్టె రైలుబస్సు. నేనూ ఎక్కాను. చక్కగా ఉండేది, నెమ్మదిగా వెళ్ళేది, కిటికీలోంచి చెయ్యి చాపితే కొబ్బరాకు తగులుతుందేమో అనిపించేది. 2020 మార్చిలో దేశమంతటా ప్రయాణికుల బళ్ళు ఆపినప్పుడు అదీ ఆగింది.

మా దగ్గర రైలు మాట ఎత్తితే చాలు, "రైలుబస్సు నడిపాం కదా, జనం ఎక్కలేదు" అనే జవాబు వినిపిస్తుంది. ఈ మాట మీదే నాకు పేచీ. ఒక్క పెట్టె, రోజుకి వేళ్ళమీద లెక్కపెట్టే సార్లు అటూ ఇటూ తిరిగితే దాన్ని నమ్ముకుని ఎవరు ఉద్యోగానికెళ్తారు? ఉదయం బండి తప్పితే మళ్ళీ ఎప్పుడో తెలియదు, సాయంత్రం ఆఫీసులో పది నిమిషాలు ఆలస్యమైతే ఇంటికి ఎలా వెళ్ళాలో తెలియదు. ఆటోకి వేళ లేదు గానీ వరస ఉంది. ఒకటి పోతే వెనకాల ఇంకోటి ఉంటుంది. జనం ఆ వరసకే డబ్బిస్తున్నారు.

డెల్టాలో పుట్టినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. కాలవకి నీళ్ళు ఎప్పుడు వదులుతారో తెలిస్తేనే రైతు నారు పోస్తాడు. ఎప్పుడో వదులుతాం, ఎంతో వదులుతాం అంటే చేను బీడు పెట్టుకుని కూర్చుంటాడు. బీడు పడిన చేలు చూసి "ఇక్కడ నీళ్ళకి డిమాండ్ లేదు" అని ఇరిగేషను ఇంజనీరు రాసుకుపోతే ఎలా ఉంటుంది? రైలుబస్సు విషయంలో జరిగింది అదేనని నా అభిప్రాయం.

కాలవల మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొరకి మనం ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం గానీ, ఆయన రైళ్ళకి పెద్ద వ్యతిరేకి అన్న సంగతి చాలామందికి తెలియదు. రైలు దారుల మీద తగలేసే డబ్బు కాలవల మీద పెట్టండి, సరుకులు పడవల్లో చవగ్గా వెళ్తాయి అని 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా వాదించాడు. రైళ్ళ విషయంలో ఆయన ఓడిపోయాడు. కానీ ఆ వాదన వెనకున్న బుర్ర ఉంది చూశారూ, అది మనకి పనికొస్తుంది. ఒకసారి తవ్విన కాలవ పొలానికి నీళ్ళూ ఇవ్వాలి, పడవనీ మోయాలి. అందుకే నీటిమట్టం మారే చోట పడవలు దాటేందుకు తలుపుల లాకులు కట్టించాడు. మా నాన్న చిన్నప్పుడు పెళ్ళివారు పడవల్లో వచ్చేవారు, వడ్లబస్తాలు పడవల్లో వెళ్ళేవి. ఒకే కాలవ, రెండు పనులు. నేనిప్పుడు పట్టాలకి అడుగుతున్నది అదే. గూడ్సుకో, దూరప్రయాణం బళ్ళకో వేసిన దారి మీద, అవి లేని గంటల్లో ఊళ్ళ బండి నడవాలి.

ఇది నా ఊహ కాదు, చేసి చూసినవాళ్ళున్నారు. అందులో మాకు బాగా సరిపోయేది కెనడా రాజధాని ఒట్టావా. 2001లో వాళ్ళు ఒక పాత గూడ్సు లైను తీసుకున్నారు. 8 కిలోమీటర్లు, ఒంటి లైను. అయిదు స్టేషన్లు పెట్టారు. మూడంటే మూడు డీజిలు బళ్ళు కొన్నారు. రెండు నడుస్తుంటే మూడోది షెడ్డులో సిద్ధంగా ఉండేది. మధ్యలో ఒకచోట లూపు, అక్కడ ఎదురెదురు బళ్ళు దాటుకునేవి. పావుగంటకొక బండి. మొత్తం ఖర్చు 2.1 కోట్ల కెనడా డాలర్లు. ప్రయోగంగా మొదలుపెట్టారు, జనం వదల్లేదు, శాశ్వతం అయింది. తర్వాత పెద్దది చేస్తామని ఏళ్ళ తరబడి మూసి మళ్ళీ తెరిచారు, ఆ తలనొప్పులు వేరే కథ. మొదటి అడుగు మాత్రం అచ్చం మన మధ్యతరగతి ఇల్లాలు చేసినట్టే చేశారు. ఉన్నదాంతో వండి, బాగుందంటే అప్పుడు సరుకులు తెచ్చారు.

జర్మనీలో కార్ల్స్‌రూ అని ఒక ఊరుంది. అక్కడ పెద్ద రైల్వే స్టేషను ఊరి నడిబొడ్డుకి దూరం. పల్లెల నుంచి రైల్లో వచ్చినవాళ్ళు దిగి మళ్ళీ ట్రామ్ ఎక్కాలి. ఆ బాధ పడలేక కార్లు కొనుక్కున్నారు. అక్కడి రవాణా సంస్థ నడిపిన డీటర్ లుడ్‌విగ్ అనే ఆయన రెండు రకాల కరెంటు మీదా నడిచే ట్రామ్ తయారు చేయించాడు. ఊళ్ళో వీధి పట్టాల మీద 750 వోల్టుల కరెంటు, ఊరు దాటాక రైల్వే వాళ్ళ 15 వేల వోల్టుల తీగ. 1992 సెప్టెంబరులో బ్రెటెన్ అనే పక్క ఊరికి మొదలైంది. దారిలో కొత్త స్టాపులు పెట్టారు, బళ్ళు పెంచారు, దిగి ఎక్కే బాధ పోయింది. చూస్తుండగానే జనం పాతదానికి నాలుగింతలు దాటారు. అదే పట్టాలు, అవే ఊళ్ళు. కాకినాడ మెయిన్ రోడ్డు మీద ట్రామ్ తోలమని నేను అడగడం లేదు లెండి, సాయంత్రం ఆ రోడ్డు మీద సైకిలే కదలదు. వాళ్ళ దగ్గర నేర్చుకోవలసింది స్టాపుల సంగతీ, బళ్ళ సంఖ్య సంగతీ.

చెడిన కథ కూడా చెప్పాలి, లేకపోతే మీ దగ్గరున్న ఇంజనీర్లు నన్ను తేలిగ్గా తీసిపారేస్తారు. ఇంగ్లండులో షెఫీల్డ్ నుంచి రోథర్‌హామ్‌కి ఇలాంటిదే తలపెట్టారు. కోటిన్నర పౌండ్లవుతుందన్నారు, ఏడున్నర కోట్లయింది. 2015లో రావలసింది 2018 అక్టోబరుకి వచ్చింది. ట్రామ్‌కీ రైలుకీ పొత్తు కుదర్చడానికి పట్టాల దగ్గర నుంచి కరెంటు దాకా చేయాల్సిన మార్పుల్ని ముందు సరిగ్గా అంచనా వేసుకోలేదు. నాకు అర్థమైనంతలో పాఠం ఇది. కొత్తరకం బండిని విదేశం నుంచి ఊడబెరుక్కు రావద్దు. మన పట్టాల వెడల్పుకి, మన ప్లాట్‌ఫారం ఎత్తుకి, మన 25 వేల వోల్టుల తీగకి సరిపోయేలా మన కార్ఖానాల్లో చేయించండి. పెరంబూరులో దేశానికంతటికీ పెట్టెలు తయారు చేస్తున్నవాళ్ళకి రెండు పెట్టెల బండి పెద్ద పనా? మెము బండినే, అంటే దగ్గరి ఊళ్ళ మధ్య తిరిగే కరెంటు ప్యాసింజర్నే, పొట్టిగా చేసి, తలుపులు వెడల్పు చేసి ఇచ్చినా మాకు అభ్యంతరం లేదు. దాన్ని లైట్ రైల్ అనొచ్చా లేదా అన్న చర్చ మీరు తీరిగ్గా చేసుకోండి.

భద్రత మాట నేను దాటెయ్యను. తేలిక బండి, నాలుగైదు వేల టన్నుల గూడ్సు ఒకే పట్టాల మీద అంటే భయం ఉండవలసిందే. అమెరికాలో న్యూజెర్సీ వాళ్ళు 2004లో కామ్‌డెన్–ట్రెంటన్ మధ్య డీజిలు లైట్ రైల్ పెట్టినప్పుడు దీనికి పల్లెటూరి పద్ధతి ఒకటి పట్టారు. పగలు జనం, రాత్రి గూడ్సు. రెండూ ఒకే గంటలో పట్టాల మీద ఉండవు. 1981లో శాన్ డీగో కూడా పాత గూడ్సు లైనునే కొని ట్రామ్ నడిపింది, గూడ్సుని రాత్రికి తోసింది. మా కోటిపల్లి లైనులో పగటి గంటలు ఖాళీ చేయడానికి పెద్ద త్యాగం ఏమీ అక్కర్లేదు, నేను చెప్పిన మేకని అడగండి.

ఇంకో చిక్కు ఉంది, బయటివాళ్ళకి తట్టనిది. చాలాచోట్ల సిగ్నలు వ్యవస్థ బండి ఎక్కడుందో పట్టాల్లో పారే కరెంటును బట్టి కనిపెడుతుంది. చక్రాలు రెండు పట్టాలనీ కలిపితే సర్క్యూట్ మూసుకుంటుంది, బండి ఉందని తెలుస్తుంది. బండి మరీ తేలికై, పట్టాలు తుప్పు పట్టి ఉంటే ఆ కలయిక సరిగ్గా కుదరదు. బండి ఉన్నా లేనట్టు కనపడొచ్చు. దానికి మందు కూడా మీ దగ్గరే ఉంది. ఇరుసుల్ని లెక్కపెట్టే యంత్రాలు ఇప్పటికే చాలా లైన్లలో పెడుతున్నారు. ఇవన్నీ తేల్చాల్సింది రైల్వే భద్రతా కమిషనరు గారు. ఆయన ఒప్పుకోకుండా ఒక్క చక్రం కూడా కదలకూడదు. నేను కోరేదల్లా ఆయన ముందుకి ఒక కాగితం వెళ్ళాలని. "కుదరదు" అని ఆయన రాస్తే ఎందుకు కుదరదో అయినా తెలుస్తుంది.

ఇప్పుడు లెక్కకొద్దాం, నా ఇలాకా అది. 45 కిలోమీటర్లు, ఆగుతూ సాగుతూ సగటున గంటకి 40 కిలోమీటర్లు వెళ్ళినా గంటా ఏడెనిమిది నిమిషాలు. అటూ ఇటూ తిరిగి, కొసల్లో కాస్త ఊపిరి పీల్చుకుని, మూడు గంటల్లో ఒక చుట్టు. కాబట్టి గంటకొక బండి కావాలంటే మూడు బళ్ళు నడవాలి, ఒకటి షెడ్డులో ఉండాలి. మొత్తం నాలుగు. ఎదురు బళ్ళు దాటుకోవడానికి దారిలో రెండుచోట్ల లూపులు చాలు. నేను కాగితం మీద గీసి చూస్తే ఒకటి ఇంచుమించు రామచంద్రపురం దగ్గరే పడింది, ఇంకోటి కాకినాడ దాటాక ఏడెనిమిది కిలోమీటర్లలో. టైం టేబులు ఇంకా బాగా గీసేవాళ్ళు మీ దగ్గరున్నారు, నా గీత తప్పయితే దిద్దండి.

పక్కన ఇంకో లెక్క పెట్టి చూడండి. విజయవాడ మెట్రో తొలిదశ 38.4 కిలోమీటర్లకి రాష్ట్ర ప్రభుత్వం వేసుకున్న అంచనా 11,009 కోట్లు. అంటే కిలోమీటరుకి 286 కోట్ల పైన. విజయవాడకి అవసరమైతే కట్టుకోండి, నాకు అసూయ లేదు. అదే రేటున మా 45 కిలోమీటర్లు కొత్తగా కట్టాలంటే 12,900 కోట్లవుతుంది, అంత డబ్బు మా మొహాన ఎవరూ పెట్టరు. కట్ట ఉంది, పట్టాలున్నాయి, వంతెనలున్నాయి, స్టేషన్లున్నాయి. లేనిది బండి, దానికో వేళ. మెట్రోతో పోలిస్తే మేం అడిగేది చిల్లర.

ఆ బండి ఎవరెక్కుతారని అడుగుతారు. మా ఆటోలోంచే మొదలుపెడతాను. కాకినాడ పెద్దాసుపత్రికి వారం వారం వెళ్ళే డయాలసిస్ మనిషి ఒకాయన, ఆయనకి ఆటో కుదుపులకే సగం ప్రాణం పోతుంది. ఇంజనీరింగ్ పిల్లలు. బట్టల కొట్టులో పనిచేసే ఇద్దరు అక్కచెల్లెళ్ళు, రాత్రి తొమ్మిదిన్నరకి కొట్టు కట్టేస్తే వాళ్ళన్నయ్య బండేసుకుని వచ్చేదాకా సెంటర్లో నిలబడతారు. కరప, వెలంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం, ఈ ఊళ్ళన్నిటికీ కాకినాడే బజారు, కాకినాడే ఆసుపత్రి, కాకినాడే కాలేజీ. రామచంద్రపురాన్ని 2022లో కోనసీమ జిల్లాలో కలిపినప్పుడు కలెక్టరాఫీసు గౌతమికి అవతల పడింది గానీ బతుకు తెరువు మాత్రం ఇటే ఉండిపోయింది.

ఆడవాళ్ళకి 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఉచితం కదా, డబ్బిచ్చి రైలెందుకెక్కుతారు అని మా ఆవిడే అడిగింది. మంచి ప్రశ్న. నిజమే, కొందరు ఎక్కరు. ఉచిత బస్సు వచ్చాక బస్సుల్లో కాలు పెట్టే చోటు లేక ఆటో ఎక్కుతున్న ఆడవాళ్ళనీ నేను రోజూ చూస్తున్నాను, మా ఆవిడ కూడా అందులో ఒకరు. రైల్వే కనీస టికెట్టు పది రూపాయలు. కరోనా తర్వాత ప్యాసింజర్లకి ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అని పేరు తగిలించి ముప్ఫై చేశారు, 2024 ఫిబ్రవరిలో మళ్ళీ పదికి దించారు. ఆ మధ్యలో పోయిన జనం ఎంతమంది తిరిగొచ్చారో మీ టికెట్ల లెక్కల్లో ఉంటుంది, ఒకసారి తీసి చూడండి. కొత్త పేరు పెట్టి, ఏసీ పెట్టి, టికెట్టు అరవై చేసి దీన్ని ఇంకో షోకు బండి చేస్తే మాత్రం నేను ఆటోలోనే వస్తాను. సీజన్ టికెట్ చెల్లాలి. వీలైతే అదే పాసు మీద ఆర్టీసీ బస్సు కూడా ఎక్కనివ్వాలి. మేం రోజూ వెళ్ళేది ఒకే దారి, సంస్థలు రెండయినంత మాత్రాన మా జేబు రెండు కాదు.

భీమవరం వైపు సంగతి వేరు, అక్కడ పని ఇంకా తేలిక. విజయవాడ–గుడివాడ–భీమవరం–నరసాపురం, నిడదవోలు కొమ్మ, మచిలీపట్నం కొమ్మ కలిపి 221 కిలోమీటర్ల ప్రాజెక్టు కింద రెండో లైను వేశారు, కరెంటు పెట్టారు. ఎక్స్‌ప్రెస్ వస్తోందని ప్యాసింజర్ని పక్కన పడేసి గంటసేపు దోమలకి అప్పజెప్పే రోజులు ఇక ఉండకూడదు కదా. మా అత్తవారిది పాలకొల్లు. 2022 ఏప్రిల్ 4న భీమవరం జిల్లా కేంద్రమైంది. పాలకొల్లు, వీరవాసరం, అత్తిలి, తణుకు, ఆకివీడు, ఉండి, అన్నీ దాని చుట్టూ పట్టాల మీదే గుచ్చిన పూసలు. కలెక్టరేటుకీ, కాలేజీలకీ, రొయ్యల షెడ్లలో పనికీ రోజూ తిరిగే జనం. నరసాపురం నుంచి నిడదవోలు దాకా అరగంటకొక పొట్టి బండి తిప్పితే, నిడదవోల్లో పెద్ద లైను బళ్ళు అందుకోవచ్చు. ఆ పెద్ద లైను మాత్రం ముట్టుకోకండి. విజయవాడ–విశాఖ దారి ఇప్పటికే కిటకిటలాడుతోంది, అక్కడ చిన్న బండి దూరిస్తే అందరూ తిడతారు, మొదట నేనే తిడతాను.

గేట్ల గురించి ఆలోచించే ఉంటారు. భీమవరంలో ఇల్లున్న ఎవర్నడిగినా ముందు గేటు మాటే చెబుతారు. అరగంటకొక బండి అంటే అరగంటకోసారి గేటు. పొట్టి బండి త్వరగా దాటిపోతుంది గానీ, దానికి ముందే నిమిషాల కొద్దీ గేటు వేస్తారు కదా. జనం ఎక్కువ తిరిగే ఒకటి రెండు గేట్ల దగ్గర కింద నుంచో పైనుంచో దారి చేయక తప్పదు. ఈ ఖర్చు దాచిపెట్టి ప్రాజెక్టు చవకని చెప్పకండి, తర్వాత షెఫీల్డ్ అవుతుంది.

ఒక చిన్న సరదా మాట. పంచారామాల్లో నాలుగు, అంటే సామర్లకోట, ద్రాక్షారామం, భీమవరం, పాలకొల్లు, నాలుగింటికీ రైల్వే స్టేషనుంది. కార్తీకమాసంలో ఆర్టీసీ వాళ్ళు పంచారామ స్పెషళ్ళు వేసి జనాన్ని తిప్పుతున్నారు. శివుడు మన ఊళ్ళలో స్టేషన్లు చూసి వెలిశాడా అనిపిస్తుంది. రైల్వే వాళ్ళకే ఇంకా ఆయన ఎక్కడున్నాడో తెలిసినట్టు లేదు.

కోనసీమవాళ్ళు ఇదంతా చదివి మా సంగతేమిటని అడుగుతారు. న్యాయమే. కోటిపల్లి నుంచి నరసాపురానికి 57 కిలోమీటర్ల లైను 2000–01 బడ్జెట్లో మంజూరైంది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ, మూడు పాయలు దాటాలి. అమలాపురంలో పుట్టి, రైలు కోసం ఎదురుచూస్తూ, పెళ్ళయి, పిల్లల్ని కన్నవాళ్ళున్నారు. ఆ లైను పూర్తయితే డెల్టా పటంలో తెగిన దారం ముడిపడుతుంది. ఇప్పుడు నేను వెలంగి నుంచి పాలకొల్లు రైల్లో వెళ్ళాలంటే కాకినాడ, సామర్లకోట, రాజమండ్రి, నిడదవోలు, భీమవరం, ఇలా డెల్టా అంతా ప్రదక్షిణం చేసి రావాలి. మా ఆవిడ అలక తీరేలోగా చేరను. వంతెనలు పూర్తి చేయండి, కచ్చితంగా చేయండి. కానీ వంతెన రానిదే బండి లేదనకండి. కోటిపల్లి రేవులో పంటు, అంటే ఏరు దాటించే బల్లకట్టు, ఎక్కితే అవతల ముక్తేశ్వరం, అక్కణ్ణుంచి అమలాపురానికి బస్సు. రైలు వచ్చే వేళకి పంటు, పంటు దిగే వేళకి బస్సు ఉండేలా ముగ్గురూ ఒక బల్ల ముందు కూర్చుని టైం టేబులు రాసుకోవచ్చు. వరద రోజుల్లో పంటు ఆగుతుంది, ఆ రోజులకి యానాం మీదుగా బస్సు వేయండి.

మీ నుంచి నేను కోరేది పెద్ద ప్రకటన కాదు. కాకినాడ, అమలాపురం, రాజమండ్రి, నరసాపురం, ఏలూరు ఎంపీలు అయిదుగురూ పార్టీల సంగతి పక్కనపెట్టి ఒకే ఉత్తరం మీద సంతకం చేయండి. రైల్వే అధికారులు కోటిపల్లి లైను మీద ఏడాది ప్రయోగానికి అంచనా వేయించి, ఆ అంచనాని మా అందరికీ తెలుగులో చూపించండి. ప్రయోగం అంటే రోజుకి రెండు ట్రిప్పులు నడిపి "చూశారా" అనడం కాదు, గంటకొకటి, ఏడాదిపాటు, ఆదివారాలతో సహా. 2027 పుష్కరాలకి కోటిపల్లి రేవుకి వచ్చే జనాన్ని ఎలాగూ ఏదో ఒకటి వేసి తీసుకురావాలి. అప్పటికి ఈ బళ్ళు పట్టాల మీద ఉంటే పుష్కరాలయ్యాక మాకు మిగుల్తాయి. స్పెషల్ రైళ్ళు వేస్తే పన్నెండు రోజుల తర్వాత వెళ్ళిపోతాయి.

కొత్త హాల్టులకి పెద్ద భవనాలు కట్టకండి. ఎత్తరుగు, నాలుగు లైట్లు, ఎండా వానా పడకుండా ఒక రేకు, మంచినీళ్ళ కుళాయి. టికెట్టు ఫోన్లో తీసుకుంటాం, ఫోన్ లేనివాళ్ళకి ఊళ్ళో కిరాణా కొట్టువాడికి కమీషన్ మీద ఇవ్వండి, హాల్ట్ ఏజెంట్ల పద్ధతి మీకు కొత్త కాదుగా. ఆటోవాళ్ళు గొడవ చేస్తారేమో అంటారు. మా డ్రైవర్ని అడిగాను. "స్టేషన్నుంచి ఊళ్ళోకి నేను తోల్తా, పదకొండుమందిని ఎక్కించుకుని పోలీసాయనకి దండం పెట్టే బాధ తప్పుద్ది" అన్నాడు. అందరూ అలా అంటారని చెప్పను. హాల్టు దగ్గర వాళ్ళకి ఆగే చోటు రాసి ఇస్తే సగం గొడవ తగ్గుతుంది.

మీలో ఎవరికైనా నా మాట అతిశయోక్తి అనిపిస్తే, ఏదో ఒక సోమవారం ఉదయం ఏడున్నరకి వెలంగి సెంటరుకి రండి. కారు, సెక్యూరిటీ ఊరి బయట ఆపుకోండి. మా డ్రైవరుకి చెప్పి ముందు సీటు, అంటే ఆయన ఎడమ తొడ పక్కనున్న ఆ జానెడు జాగా, మీకే ఉంచమంటాను. టిఫిన్ క్యారేజీ ఎవరైనా ఇస్తే కాదనకుండా పట్టుకోండి.

ఇట్లు,
వెలంగి నుంచి ఒక రోజువారీ ప్రయాణికుడు